పదికి పదకొండు మొక్కలిచ్చే నర్సరీ

కంచిలి నుంచి కవిటి వైపు వెళ్ళే దారిలో, జీడితోటలు దాటాక, తాటాకు పందిరి కింద కొబ్బరి మొక్కలు పెంచే నర్సరీ ఒకటి ఉంది. బోర్డు లేదు. రసీదు పుస్తకం లేదు. 2021 జులైలో మేము అక్కడ నలభై మొక్కలు కొన్నాం. మిక్సీ కొంటే వారానికి అభిప్రాయం రాయవచ్చు. కొబ్బరి మొక్క సంగతి వారంలో తెలియదు, ఏడాదికీ పూర్తిగా తెలియదు. ఇప్పుడు నాలుగేళ్ళు దాటాయి. ముప్పై ఎనిమిది మొక్కలు బతికి ఉన్నాయి, అన్నిటి మట్టలూ నా తలకు పైనే ఊగుతున్నాయి. ఇక రాయవచ్చు అనిపించింది.

మొక్కల సంగతితో పాటు మా నాన్న సంగతి కూడా ఇందులో వస్తుంది. రెండూ విడదీసి రాయడం నాకు చేతకాదు.

మాది కవిటి మండలం. ఎకరం పావు తోటలో డెబ్బై కొబ్బరి చెట్లు ఉండేవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, దసరా నవరాత్రులు మొదలైన మర్నాడు, తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ ఒక్క పూటలో యాభై రెండు చెట్లు పోయాయి. కొన్ని వేళ్ళతో లేచి పడ్డాయి, కొన్ని నడుము దగ్గర విరిగాయి. మిగిలిన పద్దెనిమిదిలో ఏడింటికి తల మెలితిరిగి, నడిమి చిగురు, అంటే మొవ్వు, కుళ్ళి, ఉగాది వచ్చేసరికి అవీ మోడులయ్యాయి. తిత్లీ అంటే సీతాకోకచిలుక అని బడిలో పాఠం మధ్య చెప్పినప్పుడు నాలుగో తరగతి పిల్లవాడొకడు నన్ను నమ్మలేదు. వాళ్ళ ఇంటి రేకులు పక్క ఊరి చెరువులో దొరికాయి మరి.

మా నాన్న ముందు నుంచీ నిరాశావాది. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో మంచి ముక్కలు ఆయన చెవికి ఎక్కవు, తక్కువ వాన అన్న మాట ఒక్కటే ఇంటికి మోసుకొస్తారు. కాయ ధర పెరిగితే "రేపు పడిపోతుంది" అంటారు. నేను పరీక్ష పాసైన రోజు "ఉద్యోగం వచ్చినప్పుడు చూద్దాం" అన్నారు, ఉద్యోగం వచ్చిన రోజు "జీతం వేళకు వస్తేనే కదా" అన్నారు. చిన్నప్పుడు ఆ మాటలు నాకు గుచ్చుకునేవి. కానీ ఆ నిరాశ చేతులు ముడుచుకుని కూర్చునేది కాదని పెద్దయ్యాక తెలిసింది. అక్టోబరు రాకముందే దింపు మనుషులను పిలిపించి ముదురు కాయలన్నీ దింపించేవారు, ఎండిన మట్టలు కొట్టించేవారు. తల బరువు తగ్గితే చెట్టు గాలికి ఓర్చుకుంటుందని. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటింది. రెండు తుఫాన్లకూ మా తోటలో చెట్లు పోయాయి. రెండుసార్లూ నాన్న "వచ్చే ఏడు ఇంకో నాలుగు పోతాయి" అని గొణుక్కుంటూనే పోయినచోట కొత్త మొక్క నాటారు.

తిత్లీ తర్వాత ఆ గొణుగుడు ఆగిపోయింది.

నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళకు చెట్ల లెక్క అమ్మ చెప్పింది. ఏ చెట్టు ఏ ఏడు నాటిందో, ఏది తీపి నీళ్ళదో, దేనికి ఎర్రముక్కు పురుగు పట్టి మందుతో బతికిందో అన్నీ తెలిసిన మనిషి అరుగు మీద కూర్చుని వాళ్ళ వైపు చూడనైనా లేదు. పడిన మొద్దులను కొనడానికి వచ్చినవాడు ఎంత ఇస్తానంటే అంతకు తల ఊపారు. ఒక రోజు అమ్మ టీలో చక్కెర వేయడం మరిచిపోయింది. నాన్న ఆ టీ చివరి చుక్క వరకు తాగి గ్లాసు కడిగి బోర్లించారు. నేను నా గ్లాసు నోట పెట్టుకుని చెప్పాక గానీ అమ్మకు తెలియలేదు. ఆ రోజు ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. చక్కెర ఎక్కువైందని, తక్కువైందని ముప్పై ఎనిమిదేళ్ళు దెబ్బలాడిన మనిషి ఒక్క మాట అనలేదని.

ఊళ్ళో పెద్దలు మెచ్చుకున్నారు. "మీ నాన్నకు వైరాగ్యం అబ్బింది తల్లీ, అదృష్టవంతుడు" అని గుడి దగ్గర ఒకాయన నాతో అన్నారు. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మనవాళ్ళు మూడు చెబుతారు. మూడూ ఇల్లు చేరేసరికి వదిలిపోయేవే. నాన్నది శ్మశానం నుంచి వచ్చి ఇంట్లోనే ఉండిపోయింది. అది జ్ఞానం కాదని నాకు తెలుసు. ఏమీ పట్టకపోవడం వేరు, అన్నీ తెలిసి వదులుకోవడం వేరు. చెడు జరుగుతుందని అనుకునేవాడికి ఆ చెడు మీదైనా కన్ను ఉంటుంది, దాని రాకపోకలు లెక్కపెడతాడు, దానితో మాట్లాడతాడు. నాన్న కన్ను దేని మీదా ఉండేది కాదు.

తమ్ముడు హైదరాబాదు నుంచి ఫోను చేసి స్థలం అమ్మేద్దామన్నాడు. నాన్న సరే అన్నారు. వారం తర్వాత వద్దులే అన్నాడు. దానికీ సరే అన్నారు.

ఈ నర్సరీకి ముందు ఇంకోచోట మొక్కలు తెచ్చాం, ఆ సంగతి కూడా చెప్పాలి. 2019లో మా మేనమామ కొడుకు పట్నంలో ఒక దుకాణం నుంచి పది మొక్కలు తెచ్చి ఇచ్చాడు. పొట్టి రకం, మూడేళ్ళలో కాపు, ఎంత గాలికైనా నిలబడతాయి, ఒక్కటీ పోదు అని అక్కడ చెప్పారట. మొక్కలు చూడటానికి ముద్దుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. కూలివాళ్ళతో నాటించాం. మరుసటి వేసవికి ఎనిమిది పోయాయి. వాన వెలిసేసరికి మిగిలిన రెండూ పోయాయి. అడగడానికి వెళితే మా నీళ్ళది తప్పన్నారు. నీళ్ళ తప్పే అయి ఉండవచ్చు, నాకు తెలియదు. కానీ ఒక్కటీ పోదన్న మాట నమ్మినందువల్ల మేము ఏ జాగ్రత్తా పడలేదు. ఎండకు నీడ కట్టలేదు, పాదు తిరగ తవ్వలేదు, పురుగు కోసం ఆకు విప్పి చూడలేదు. ఒక్కటీ పోదు అంటే ఇక చూడటానికి ఏముంటుంది? అప్పటి నుంచి, అంతా మంచే జరుగుతుందని చెప్పేవాళ్ళ దగ్గర ఏదైనా కొనాలంటే నాకు భయం.

ఇక నర్సరీ దగ్గరకు వస్తాను.

నాతో పనిచేసే టీచరమ్మ చెబితే వెళ్ళాం. కరోనా రెండో విడత తగ్గిన రోజులు, అందరి ముక్కులకూ మాస్కులున్నాయి. అమ్మ, నేను, ఆటోలో నాన్న. ఇంట్లో ఒంటరిగా వదలడం ఇష్టంలేక ఆయనను తీసుకెళ్ళాం తప్ప మొక్కలు చూస్తారని కాదు. నర్సరీ నడిపే ఆయనకు అరవై ఏళ్ళు ఉంటాయి. నేను బాబాయి అని పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను.

ఇసుక మడులు ఇరవై వరకు ఉన్నాయి. బాగా కాసే, వయసు మీదున్న చెట్లను ఎంచుకుని, కాయ పూర్తిగా ముదిరాక దింపి, కొన్నాళ్ళు నీడన ఉంచి మడిలో పాతుతారు. మడి చివర రేకు ముక్క మీద పాతిన తేదీ సుద్దతో కాకుండా మేకుతో గీసి ఉంటుంది, వానకు చెరగకుండా. ఆశ అరవై నాళ్ళు అంటారు కదా, కొబ్బరికాయకు అరవై నాళ్ళలో మొలక కూడా సరిగా కనపడదు. మూడు నాలుగు నెలలు పడుతుంది. ఐదు నెలలు దాటాక మొలిచిన కాయను బాబాయి అమ్మరు, మడిలోంచి తీసేస్తారు. పందిరి వెనక అలా తీసేసినవి కుప్పగా ఉన్నాయి, కొన్నింటికి లేత పచ్చ మొలక కూడా ఉంది. నాకు జాలేసి అడిగాను. "ఆలస్యంగా లేచింది ఆలస్యంగానే కాస్తుంది తల్లీ. పదేళ్ళ తర్వాత మీరు నన్ను తిట్టుకుంటారు, అప్పటికి నేనుంటే" అన్నారు.

మొక్క ఎంచుకోవడం కూడా ఆయనే నేర్పారు. ఏడాది లోపు వయసు. ఆరు ఆకులకు తగ్గకూడదు. మొదలు చుట్టుకొలత వేళ్ళతో కొలిస్తే నాలుగు అంగుళాలకు తగ్గకూడదు. ఆకు విడిపోకుండా పలకలా ఉన్నదానికంటే ఈనెలుగా తొందరగా చీలినది మేలు. పొడుగ్గా సన్నగా లేచి కంటికి నచ్చేది వద్దు, పొట్టిగా గట్టిగా ఉన్నది తీసుకోవాలి. పట్నంలో మాకు నచ్చినవన్నీ పొడుగువే అని అప్పుడు గుర్తొచ్చింది.

అమ్మే ముందు ఆయన మూడు ప్రశ్నలు వేస్తారు. నీళ్ళు ఎక్కడ? ఎవరు పోస్తారు? ఇంట్లో ముసలివాళ్ళు ఏమంటున్నారు? మొదటి రెండింటికి అమ్మ జవాబు చెప్పింది. మూడోదానికి ఇద్దరం ఆటో వైపు చూశాం.

"దేశవాళీ పొడుగు రకం, ఈస్ట్ కోస్ట్ టాల్ అంటారు. నా దగ్గర ఇదొక్కటే. ఆరేళ్ళకు ముందు కాయ చూడరు, ఏడు అనుకోండి" అన్నారు బాబాయి. "ఈలోగా తుఫాను రాదని నేను చెప్పను. వస్తుంది. కొమ్ము పురుగు వస్తుంది. తెల్లదోమ వస్తుంది. పదికి ఒకటి మొదటి ఏడాదే చస్తుంది. అందుకని పదికి పదకొండు ఇస్తాను, పదింటికే డబ్బు తీసుకుంటాను. చచ్చేది ఏదో నాకు తెలియదు, లేకపోతే అది తీసేసి ఇచ్చేవాడిని."

అప్పుడు ఆటోలోంచి నాన్న గొంతు వినిపించింది.

"ఒకటి కాదు. మూడు చస్తాయి."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. రెండేళ్ళ తొమ్మిది నెలల్లో ఆయన తనంతట తానుగా ఒక విషయం మీద అన్న మొదటి మాట అది.

బాబాయికి ఇవేమీ తెలియవు. "మూడు ఎందుకు చస్తాయి అన్నయ్యా, ఒకటి" అన్నారు. నాన్న ఆటో దిగారు. మా ఇసుక సంగతి నీకు తెలియదన్నారు. వేసవిలో మధ్యాహ్నం కాలు పెట్టలేమన్నారు. పశువుల పెంటకుప్ప పక్కనే ఉంది, కొమ్ము పురుగు పుట్టేదే అందులో, అది మొవ్వులో దూరితే ఎవడు లాగుతాడన్నారు. "అయితే రెండు" అన్నారు బాబాయి. "మూడు" అన్నారు నాన్న. చచ్చే మొక్కల మీద ఇద్దరూ పావుగంట బేరమాడారు. నేను బళ్ళో పాతిక మంది పిల్లల అల్లరి మధ్య బతికేదాన్ని, కానీ అంత సంతోషంగా ఏ గొడవా వినలేదు. ఆ తర్వాత నాన్న మడుల మధ్య నడిచి, వంగి, మొక్కల మొదళ్ళు వేళ్ళతో కొలిచి, బాబాయి తీసిపెట్టిన నలభై నాలుగింటిలో తొమ్మిదింటిని వెనక్కి ఇచ్చేసి వేరేవి ఎంచారు. "ఇవి కూడా బతకవు" అన్నారు చివరికి, ట్రాలీ ఆటోలోకి ఎక్కించాక. ఇంటికి వెళ్ళేదాకా అమ్మ చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

మొక్క అప్పట్లో తొంభై రూపాయలు. నలభైకి మూడువేల ఆరువందలు, నాలుగు ఉచితం. ట్రాలీ ఆటో ఖర్చు మనదే.

నాటే పద్ధతి ఆయన నోటితో చెబుతారు, కాగితం ఇవ్వరు కాబట్టి రాసుకోవాలి. నేను రాసుకున్నది ఇది. ఇరవై ఐదు అడుగుల ఎడం. మూడడుగుల గొయ్యి, వేసవిలోనే తవ్వి ఎండనివ్వాలి. మాకు ఆ వ్యవధి లేక జులైలోనే తవ్వాం. ఇసుక నేల కాబట్టి అడుగున కొబ్బరి డొక్కలు గిన్నెల్లా పైకి తెరిచి రెండు వరసలు పేర్చాలి, నీరు పట్టి ఉంచుతాయి. పైన మన్ను, చివికిన ఎరువు, వేపపిండి. కాయ మునిగేంత వరకే పూడ్చాలి, మెడ మునగకూడదు. మొదటి రెండు వేసవులు తాటాకు నీడ. కొమ్ము పురుగుకు, మొవ్వు పక్కనున్న మట్టల సందుల్లో కలరా ఉండలు మూడు పెట్టి పైన ఇసుక కప్పాలి, నెలన్నరకు ఒకసారి మార్చాలి. కలరా ఉండలు పనిచేయవని నాన్న ఇప్పటికీ అంటారు. నెలన్నరకు ఒకసారి ఆయనే పెడతారు. వంటింటి క్యాలెండరులో అమ్మ పాల లెక్క పక్కన ఆ తేదీలకు చిన్న సున్నాలు చుట్టి ఉంటాయి.

మొదటి ఏడాది ఐదు పోయాయి. పదికి ఒకటి చొప్పున బాబాయి లెక్క నాలుగు, నాన్న లెక్క పన్నెండు. నాలుగు చోట్ల సంచుల్లో ఉంచుకున్న అదనపు మొక్కలు నాటాం, ఒక గొయ్యి ఖాళీగా ఉండిపోయింది. 2022 జులైలో నేను వెళ్ళి చెబితే బాబాయి ఏ రుజువూ అడగలేదు. "ఒకటి నా లెక్క తప్పింది" అని ఒక మొక్క తీసి ఇచ్చారు. రెండో ఏడాది కొమ్ము పురుగుకు రెండు పోయాయి. విచ్చుకున్న ఆకు కత్తెరతో కోసినట్టు ఉంటే కనిపెట్టాం, కానీ అప్పటికే ఆలస్యమైంది. వాటికి నేను వెళ్ళి అడగలేదు. అది ఆయన బాధ్యత కాదు.

ఉచిత మొక్క కోసం వెళ్ళిన ఆ రోజు అక్కడ ఇంకొకాయన ఉన్నారు. నలభై ఐదేళ్ళ మనిషి, ఎడమ మోచేయి పైన తెల్లటి కట్టు. సోంపేటలో డయాలసిస్ చేయించుకుని ఇంటికి వెళుతూ ఆగారట. మా ఉద్దానంలో ఆ కట్టు అంటే ఏమిటో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఏళ్ళ తరబడి పరిశోధనలు జరుగుతున్నాయి, ఈ కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంకా తేల్చలేదు. ఆయన రెండు మొక్కలు అడిగారు. బాబాయి అందరినీ అడిగినట్టే అడిగారు, నీళ్ళు ఎవరు పోస్తారని. "నేనే" అన్నారాయన. ఏడేళ్ళు పడుతుంది అన్నారు బాబాయి, గొంతు తగ్గించకుండా, ఒక్క మాట మార్చకుండా. నాకు కోపం వచ్చింది. ఈ మనిషితో కూడా ఏడేళ్ళ మాట అనాలా అనుకున్నాను. కానీ ఆయన ముఖంలో నొప్పి లేదు. మొక్క మొదలు చుట్టూ వేళ్ళు పెట్టి కొలుచుకుని, ఒకటి మార్చమన్నారు. రెండింటికి నూట ఎనభై ఇచ్చి, కట్టు లేని చేత్తో ఒకటి ఎత్తుకుని, రెండోది నన్ను బండి మీద పెట్టమన్నారు. "ఇంటి వెనక రెండు పడిపోయినచోట ఖాళీగా ఉంది, చూడలేకపోతున్నాను" అన్నారు.

ఆయన ఆశావాదో నిరాశావాదో నేను చెప్పలేను. జబ్బు నయమవుతుందని ఆయన అనలేదు, కాదనీ అనలేదు. ఖాళీ గొయ్యి ఆయనకు పట్టింది. నాకు ఆ రోజు నుంచి, ఒక మనిషి బాగున్నాడా అని చూడాలంటే ఆయన రేపటి గురించి ఏమనుకుంటున్నాడన్నది రెండో ప్రశ్నే. ముందు ఆయనకు ఏదైనా పడుతోందా అని చూస్తాను. బళ్ళో పిల్లల విషయంలోనూ అంతే. "నాకు రాదు టీచర్" అని ఏడ్చేవాడి పక్కన కూర్చుంటే దారి దొరుకుతుంది. ఏది అడిగినా భుజాలెగరేసే పిల్లవాడిని చూస్తే నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఇక లోపాలు.

రసీదు ఇవ్వరు. సబ్సిడీకి దరఖాస్తు పెట్టుకునేవారికి ఇది పెద్ద ఇబ్బంది, మా టీచరమ్మ ఆ కారణంగానే రెండోసారి వేరేచోట కొన్నారు. ఉదయం ఆరు నుంచి పది వరకే ఉంటారు, తర్వాత తాళం. ఫోను ఎత్తరు. అంబాజీపేట పరిశోధన కేంద్రం వాళ్ళ గోదావరి గంగ వంటి సంకర రకాలు నాలుగేళ్ళకే కాపుకు వస్తాయి, తొందరగా ఆదాయం కావలసినవారికి అవి అవసరం, ఆయన దగ్గర దొరకవు. అడిగితే వాటిని తీసిపారేసినట్టు మాట్లాడతారు, అది సరికాదు. ఎవరి అవసరం వారిది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది వేరే. 2023లో ఇంకో పది మొక్కల కోసం వెళ్ళాను. చెన్నైలో భవనాల పనికి వెళ్ళే కుర్రవాడొకడు సెలవుకు వచ్చి ఇరవై మొక్కలు అడిగాడు. నీళ్ళు ఎవరు పోస్తారంటే అమ్మ అన్నాడు. అమ్మ వయసెంత అన్నారు బాబాయి. అరవై ఐదు అన్నాడు. "నువ్వు తిరిగి వచ్చి ఇక్కడ ఉండవు, మొక్కలు ఎండబెట్టడానికి నేను అమ్మను" అని పంపేశారు. ఆ కుర్రవాడు తెచ్చుకున్న గోనెసంచులు మడతపెట్టి బండికి కట్టుకుంటూ ఉంటే నేను ఉండబట్టలేక బాబాయితో గట్టిగానే అన్నాను. మొక్కకు పదికి ఒకటి చస్తుందని లెక్క కట్టి పదకొండు ఇస్తారు, మనిషి దగ్గరకు వచ్చేసరికి ఆ ఒక్క అవకాశం ఇవ్వరా అని. ఐదు నెలలకు మొలవని కాయను తీసేయండి, కుర్రవాడు కాయ కాదు కదా అని. ఆయన జవాబు చెప్పలేదు, మడికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయారు. వలసపోయినవాడు తన ఊళ్ళో చెట్టు నాటాలనుకోవడం చిన్న విషయం కాదు. మా శ్రీకాకుళం వాళ్ళలో ఎందరికి అలా అనుకునే ధైర్యం మిగిలింది? ఆ విషయంలో బాబాయిది తప్పే. మిగిలిన అన్ని విషయాల్లో ఆయనను మెచ్చుకుంటాను కాబట్టి ఇది దాచకూడదు.

ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒకటి ఆ కుర్రవాడిది.

వెళ్ళదలచుకున్నవారు జూన్ మొదటి వానలు పడగానే వెళ్ళండి, జులై చివరికి మంచివి అయిపోతాయి. గోనెసంచులు మీరే తీసుకెళ్ళాలి. చిల్లర తీసుకెళ్ళండి, ఫోనులో డబ్బు పంపడం ఇప్పుడు వచ్చింది కానీ దాన్ని చూసుకునే కోడలు ఇంట్లో ఉంటేనే. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వెంట తీసుకెళ్ళండి, ఆటోలో కూర్చోబెట్టినా సరే.

మా తోటలో ఇంకా కాయ లేదు. ఇంకో రెండేళ్ళు కావాలి. పోయిన అక్టోబరులో వాయుగుండం వార్త టీవీలో రాగానే నాన్న కొత్త మొక్కల మట్టలన్నీ దగ్గరకు చేర్చి కొబ్బరి తాడుతో వదులుగా కట్టారు. "ఇది ఇక్కడికే వస్తుంది, నాకు తెలుసు" అంటూ డెబ్బై నాలుగేళ్ళ వయసులో ముప్పై ఎనిమిదింటికీ తిరిగారు. అది మా వైపు రాలేదు. మర్నాడు కట్లు విప్పుతూ, వచ్చే నెల ఇంకొకటి ఉంది అన్నారు. సాయంత్రం టీలో చక్కెర ఎక్కువైందని అమ్మతో దెబ్బలాడారు.

ఇది రాస్తున్నానని తెలిసి, బాబాయికి ఒక మాట చేరేలా రాయమన్నారు. 2023లో తెచ్చిన పదిలో ఇంటి వైపు నుంచి మూడో మొక్క మొదలు సన్నంగా ఉందట, ఎంచేటప్పుడే అనుమానించారట, వచ్చి చూసుకోమన్నారు.